మేస్త్రీ పెట్టిన ఒట్టు

స్లాబ్ కూలిందన్న కబురు ఆమెకు క్లినిక్ ల్యాబులో ఉండగా వచ్చింది. ఎవరిదో రక్తపు చుక్కను గాజు పలక మీద పరుస్తోంది. ఫోన్ చేసింది అమ్మా కాదు, నాన్నా కాదు. నాన్న దగ్గర పనిచేసే కుర్రాడు. సన్నగా, పొడుగ్గా, గట్టిగా ఉంటాడని అందరూ గునపం అంటారు.

"అక్కా, నువ్వు రా. తమ్ముడు కిందున్నాడు," అన్నాడు.

ఆమె తండ్రి సెంట్రింగ్ మేస్త్రీ. కాంక్రీటు పోయక ముందు దాని బరువు మోయడానికి కింద జాకీలు నిలబెట్టి, పైన పలకలు పరిచే పని ఆయనది. ఆదివారం మాత్రం చర్చిలో సంఘ పెద్ద. ఆయన కింద పనిచేసే కుర్రాళ్లంతా ఆ చిన్న సంఘంలో పిల్లలే. వారమంతా ఆయన చేత తిట్లు తిని, ఆదివారం ఆయన ప్రార్థన విని, ఆ తర్వాత వెనక గదిలో ఆమె దగ్గర పాఠానికి కూర్చునేవాళ్లు. కొన్ని నెలలుగా ఆమె వాళ్లకు ఇశ్రాయేలు నాయకుల గురించి చెబుతోంది. మోషే, యెహోషువ, దెబోరా, గిద్యోను అయిపోయి సౌలు రాజు దగ్గరికి వచ్చారు. వాళ్లతోపాటే పనిచేసే తమ్ముడికి ప్రతి పాఠంలోనూ ఏదో ఒక కొంటె ప్రశ్న ఉండేది. "అక్కా, మీ యెహోషువ యెరికో గోడలు కూల్చాడు, మేం కడుతున్నాం. ఎవరి పని కష్టం?" అని ఒకసారి అడిగాడు. గదిలో నవ్వులు ఆగడానికి చాలాసేపు పట్టింది.

ఆమె వెళ్లేసరికి మూడో అంతస్తు రెండో అంతస్తు మీద, ఆ రెండూ కలిసి మొదటిదాని మీద పడి ఉన్నాయి. తడి కాంక్రీటు ఇంకా అంచుల నుంచి గంజిలా జారుతోంది. కింద ఇద్దరు చిక్కుకున్నారు. ఒకరు తమ్ముడు. రెండోవాడు ఇనుప చువ్వలు వంచే రాడ్ మేస్త్రీ, బొద్దుగా ఉండే నవ్వులరాయుడు, ఆమె చిన్నప్పటి నుంచి మావయ్యా అని పిలిచే మనిషి. ఇద్దరూ బతికే ఉన్నారు. చువ్వతో కొడుతున్న చప్పుడు వినిపిస్తోంది.

"యంత్రం పెడితే మిగిలింది కూడా దిగిపోతుంది," అన్నాడు అగ్నిమాపక దళం ఆఫీసరు. "చేత్తోనే తవ్వాలి. ఆ సందులో మా వాళ్లు పట్టడం లేదు. సన్నటివాళ్లు కావాలి."

గునపం అప్పటికే చొక్కా విప్పుతున్నాడు. వాడి వెనక మిగిలిన కుర్రాళ్లూ వరస కట్టారు. ఒకడు లోపల పాక్కుంటూ వెళ్లి ముక్కలు తట్టలోకి ఎత్తడం, తక్కినవాళ్లు తాడుతో ఆ తట్టను బయటికి లాగడం, అలిసిపోతే మరొకడు వెళ్లడం. కూలకుండా ఆపడానికి అడుగడుగుకీ పొట్టి కర్రలు పోటు పెట్టాలి. ఆ పని వాళ్లకు కొట్టిన పిండి. సందులోంచి సన్నటి గొట్టం ఒకటి లోపలికి దింపి, దానిగుండా పంచదార నీళ్లు పంపారు. అదే గొట్టంలోంచి తమ్ముడి గొంతు వచ్చింది.

"అక్క వచ్చిందా?"

"వచ్చానురా."

"కాలు ఉందో లేదో తెలీట్లేదు. మావయ్య మాత్రం పాటలు పాడుతున్నాడు. ముందు ఆయన్ని తీసెయ్యండి, భరించలేకపోతున్నా."

ఆమె నవ్వబోయింది, రాలేదు. తల్లి ఖాళీ సిమెంటు సంచుల మీద కూర్చుని ఉంది. ఏడవడం లేదు. కొంగు కొసను వేలికి చుడుతోంది, విప్పుతోంది, మళ్లీ చుడుతోంది.

అప్పుడే తండ్రి ఇటుకల కుప్ప ఎక్కాడు. జుట్టు నిండా సిమెంటు దుమ్ము. రెండు చేతులూ పైకెత్తాడు. సంఘంవాళ్లు పనిచేస్తున్న చోటే ఆగిపోయారు.

"నా కొడుకు బయటికి వచ్చేదాకా మనవాళ్లెవరూ నోట్లో ఏదీ పెట్టకూడదు," అన్నాడు. "మెతుకు కాదు, మంచినీళ్లు కూడా ముట్టకూడదు. దేవుడికి మాటిచ్చాను. ఎవరు ముట్టినా నా కొడుకు ఉసురు వాళ్లకే తగులుతుంది."

అందరూ ఆమెన్ అన్నారు. ఆమె కూడా అంది. ఆ గడియలో ఏం చెప్పినా అనేదే. రాడ్ మేస్త్రీ భార్య ఒక్కతే పక్కనున్నామెతో మెల్లగా, "మరి మా ఆయన?" అంది. ఆ మాట ఎవరూ పట్టించుకోలేదు.

రాత్రంతా తవ్వారు. తెల్లారేసరికి ఎండ కూడా వాళ్లతో పగబట్టినట్టు ఎక్కింది. రోడ్డుకి అవతల టీ కొట్టాయన రెండుసార్లు బుట్ట నిండా రొట్టెలు పట్టుకొచ్చి, డబ్బులేమీ వద్దు తినండి బాబూ అని బతిమాలాడు. కుర్రాళ్లు మేస్త్రీ వైపు చూసి తల తిప్పుకున్నారు. ఫైరువాళ్లు తిన్నారు, తాగారు. వాళ్లకు ఒట్టు లేదు. కానీ ఆ సందులోకి పట్టేవాళ్లకే ఒట్టు ఉంది.

తట్టలు బయటికి రావడం నెమ్మదించింది. ఆమె కళ్లు ముందు దాన్నే పట్టుకున్నాయి. ల్యాబులో పనిచేసే మనిషికి, ఒంట్లో చక్కెర పడిపోయిన మనిషి ఎలా ఉంటాడో ఒకరు చెప్పక్కర్లేదు. ఒకడు తాడు ముడి వేయబోయి మూడుసార్లు తప్పాడు. ఇంకొకడు పిలిస్తే పలకలేదు. అంతలో లోపల్నుంచి దబ్బున చప్పుడు, దుమ్ము. గునపాన్ని కాళ్లు పట్టుకుని బయటికి లాగారు. పోటు పెట్టబోతూ వాడికి కళ్లు తిరిగాయి. కర్ర జారింది. తల పగలాల్సింది, భుజం చీరుకుపోయి ఆగింది. పెదాలు తెల్లగా పాలిపోయి ఉన్నాయి.

"ఏం లేదక్కా. కొంచెం చీకటైంది, అంతే," అన్నాడు పట్టపగలు.

ఆఫీసరు ఆమె తండ్రి దగ్గరికి వెళ్లి ఏదో అన్నాడు. ఆయన తల అడ్డంగా ఊపాడు. అప్పుడు ఆమె వెళ్లింది.

"నాన్నా, వాళ్ల చేతులు చూడు. వణుకుతున్నాయి."

"మోషే చేతులు వణకలేదా? కొండ మీద ఆయన చేతులు ఎత్తి ఉన్నంతసేపే కింద యుద్ధంలో ఇశ్రాయేలువాళ్లు గెలిచారు. దించితే ఓడిపోయారు. నేను దించను."

"ఆయనా అలిసిపోయి దించాడు నాన్నా. అప్పుడు ఇద్దరు వచ్చి, కింద రాయి వేసి కూర్చోబెట్టి, చెరో చెయ్యీ పట్టుకున్నారు. ఎందుకు అలిసిపోయావని ఎవరూ అడగలేదు."

"మాటలు నేర్చావు."

"నువ్వు నేర్పినవే. లోపలున్న వాళ్లకి గొట్టంలో నీళ్లు పోస్తుంటే ఊరుకున్నావు. వాళ్లకోసం తవ్వేవాళ్లకి వద్దా?"

"దేవుడికి మాటిచ్చాను."

"నువ్విచ్చావు. ఆయన అడిగాడా?"

తండ్రి చెయ్యి లేచింది. పదిమందిలో ఉన్నామని గుర్తొచ్చి దిగింది. ఆమె మాత్రం ఆగలేదు. ఆగితే మళ్లీ నోరు లేవదని ఆమెకు తెలుసు.

"మోషేలా నిలబడ్డాననుకుంటున్నావు నాన్నా. సౌలులా నిలబడ్డావు."

ఆ మాట కుర్రాళ్లందరికీ వినపడింది. పోయిన ఆదివారం పాఠం అదే. యుద్ధం జరుగుతుండగా సౌలు రాజు సైన్యానికి ఒట్టు పెట్టాడు, సాయంత్రంలోగా ఎవడు తిన్నా శాపగ్రస్తుడని. జనం ఆకలితో సొమ్మసిల్లి, గెలిచే యుద్ధంలో శత్రువుల్ని తరమలేకపోయారు. రాజు కొడుకు యోనాతానుకు ఆ ఒట్టు సంగతి తెలియదు. అడవిలో తేనె కనిపిస్తే కర్ర కొనతో తీసి నోట్లో పెట్టుకున్నాడు. కళ్లకు వెలుగు వచ్చింది. ఎవరో ఒట్టు సంగతి చెబితే, మా నాన్న దేశాన్ని కష్టపెట్టాడు అన్నాడు. సాయంత్రం సౌలు చీటీలు వేయించి, తప్పు కొడుకుదే అని తేలితే, చావాల్సిందే అన్నాడు. అప్పుడు జనం రాజుకు ఎదురు నిలిచి, ఈ రోజు గెలిచింది ఇతని వల్లే, ఒక వెంట్రుక కూడా రాలనివ్వం అని యోనాతానును విడిపించుకున్నారు.

యోనాతాను తెలియక తిన్నాడు. ఆమె తెలిసి తినాలి. రోడ్డు దాటుతున్నంతసేపూ ఆమెకు ఆ తేడాయే కాళ్లకు బరువైంది. టీ కొట్టాయన అడక్కుండానే రొట్టె, గ్లాసు చేతిలో పెట్టాడు. ఆమె వాటిని పట్టుకుని వెనక్కి వచ్చి, తండ్రికీ తల్లికీ కుర్రాళ్లకూ కనపడేలా నిలబడి, రొట్టె టీలో ముంచి నోట్లో పెట్టుకుంది. ఇసక నమిలినట్టు ఉంది. వాడికేమన్నా అయితే ఈ ముద్దే కారణమంటారు అనుకుంది. ఎవరో అనేదాకా ఎందుకు, నేనే అనుకుంటాను అనుకుంది. అనుకుంటూనే మింగింది.

తర్వాత గ్లాసు గునపం ముందు పెట్టింది. "ఉసురు నాకు తగలనీ. నువ్వు తాగు."

వాడు ఆమె తల్లి వంక చూశాడు, మేస్త్రీ వంక చూడలేదు. తాగాడు. ఒకడు తాగాక మిగిలినవాళ్లు టీ కొట్టాయన తెచ్చిన బుట్ట మీద పడ్డారు, ఏడుస్తూ తిన్నారు కొందరు. తండ్రి ఇటుకల కుప్ప మీదే కళ్లు మూసుకుని ఉన్నాడు, చేతులు ఇంకా పైకే ఉన్నాయి.

తట్టలు మళ్లీ వేగంగా రాసాగాయి. ఎండ నడినెత్తికి రాకముందే రాడ్ మేస్త్రీ బయటపడ్డాడు. బొద్దు మనిషి సగం అయిపోయాడు. చెయ్యి విరిగింది, ముఖమంతా బూడిద, కానీ ఊపిరి ఉంది. భార్య ఆయన ముఖం తుడుస్తూ, ఎవరి మీదో కోపంగా ఉన్నట్టు, "నోర్ముయ్యి, మాట్లాడకు," అని పదేపదే అంటోంది. ఆయన ఏమీ మాట్లాడటం లేదు.

తమ్ముడు ఇంకా లోపలికి ఉన్నాడు. గొట్టంలో పిలిస్తే ముందు ఊఁ అన్నాడు. తర్వాత ఊఁ కూడా రాలేదు. ఆమె గొట్టానికి చెవి ఆన్చి పడుకుంది. లోపల గునపం పాకుతున్న చప్పుడు, వాడి ఆయాసం వినిపించాయి. ఆ తర్వాత చాలాసేపు ఏ చప్పుడూ లేదు. గునపం వెనక్కి వచ్చాడు. చేతిలో తట్ట లేదు. వాడి ముఖం చూసి తల్లి లేచి నిలబడింది.

"వెచ్చగానే ఉన్నాడు పిన్నీ," అన్నాడు వాడు. ఇంకేమనాలో తెలియక, మళ్లీ అదే అన్నాడు.

కాలు నలిగి రక్తం పోయింది, ప్రాణం పోవడానికి అదే కారణం అన్నాడు డాక్టరు. ఇంకొంచెం ముందు తీసి ఉంటే బతికేవాడా అని ఎవరో అడిగారు. చెప్పలేం అన్నాడు. తండ్రి కొడుకు ముఖం మీది దుమ్ము అరచేత్తో తుడిచాడు. తర్వాత తల తిప్పకుండానే కూతురితో, "తిన్నావుగా," అన్నాడు.

భూస్థాపన అయిన మర్నాడు సంఘం కూడింది. రేకుల కప్పు కింద జనం కిక్కిరిసి కూర్చున్నారు. తండ్రి ముందుకు వచ్చి నిలబడ్డాడు. గడ్డం మాసింది. ఆ మనిషి అప్పటికీ ఏమన్నా తిన్నట్టు లేదు.

"యెహోషువ కాలంలో, యెరికో గెలిచాక ఇశ్రాయేలువాళ్లు ఒక చిన్న ఊరి చేతిలో ఓడిపోయారు," అని మొదలుపెట్టాడు. "ఎందుకు? ఒక్కడు మాట తప్పాడు. ఆ ఒక్కడి వల్ల మిగతావాళ్లు చచ్చారు. మన మధ్య ఆ ఒక్కరు ఎవరో మీకు తెలుసు. నా కడుపున పుట్టిందని దాచను. ఇకనించీ ఆమె పిల్లలకు పాఠం చెప్పకూడదు. నా గడప తొక్కకూడదు."

ఆమె వెనక వరసలో ఉంది. లేచి వెళ్లిపోదామనే అనుకుంది. వాదించే ఓపిక ఆమెలో లేదు. అప్పటికే సగం ఆయన మాటే నిజమని నమ్ముతోంది. ఏ మందుకూ లొంగని ఆలోచన అది, ఎటు తిరిగినా ఆ రొట్టె దగ్గరికే వచ్చి ఆగుతోంది.

చేతికి కట్టుతో రాడ్ మేస్త్రీ ముందు వరసలోంచి లేచాడు. "మేస్త్రీ, లోపల నీ కొడుకు నన్నొకటి అడిగాడు. పైన మనవాళ్లు ఏమన్నా తింటున్నారా మావయ్యా అని. తింటున్నార్రా, నువ్వేం బెంగపడకు అన్నాను. అబద్ధమని నాకప్పుడు తెలీదు." కట్టు ఉన్న చేతిని రెండో చేత్తో ఎత్తి పట్టుకున్నాడు. "అది నిజం చేసింది నీ కూతురే."

"కూర్చో," అన్నాడు తండ్రి.

ఆయన కూర్చోలేదు. గునపం లేచాడు. వాడి వెనక, తవ్విన కుర్రాళ్లంతా ఒక్కొక్కరే లేచారు. పెద్దవాళ్ల ముందు నోరెత్తడం అలవాటు లేనివాళ్లు, ఎవరి చేతులు ఎక్కడ పెట్టుకోవాలో వాళ్లకే తెలియడం లేదు.

"పెద్దయ్యా, అక్కని పంపితే మేమూ పోతాం," అన్నాడు గునపం. "మేం తినకపోతే మావయ్య కూడా వచ్చేవాడు కాదు. తమ్ముడు... మేం ముందే తిని ఉంటే వాడూ..." అది పూర్తి చేయలేకపోయాడు. తర్వాత గొంతు తగ్గించాడు. "తప్పు ఎవరిదో తేలాలంటే సౌలు చీటీలు వేశాడు. మనమూ వేద్దామా? పడమటివైపు జాకీల కింద మట్టి మెత్తగా ఉంది, పలకలు వేయాలని మేం చెప్పాం. మీరేమన్నారో నేను చెప్పను. మీరే చెప్పండి."

కప్పు మీద ఎండకు రేకులు టక్కుటక్కుమంటున్నాయి. తండ్రి ఎదురుగా ఉన్న బల్ల అంచు పట్టుకున్నాడు. పడిపోతాడేమో అని ఆమె సగం లేచింది.

"చీటీలు అక్కర్లేదు," అన్నాడు. "కాంక్రీటు బండి వచ్చేసింది. వెనక్కి పంపితే యజమాని వేరే మేస్త్రీని పెట్టుకుంటాడు. ప్రార్థన చేసుకుని పోసేద్దాం, దేవుడు చూసుకుంటాడు అన్నాను." ఆయన బల్ల అంచు వదిలేశాడు. "నేను చూసుకోవాల్సిన దాన్ని ఆయన నెత్తిన పెట్టాను. కూలిపోయాక ఒట్టు పెట్టాను. ఆయన కాకపోతే మీరు, మీరు కాకపోతే ఈ పిల్ల... ఎవరో ఒకరు మొయ్యాలి కదా. నేను మొయ్యలేక."

ఎవరూ ఆమెన్ అనలేదు. ఆయన కూర్చోవడానికి కుర్చీ వెతుక్కున్నాడు. దొరక్క నేల మీద కూర్చున్నాడు. తల్లి లేచింది. నలభై మంది ముందు ఏనాడూ మాట్లాడని మనిషి. ఆయన దగ్గరికి వెళ్లి, "లే. పోలీసుల దగ్గరికి వెళ్దాం. ఇదే మాట అక్కడ కూడా చెప్పు," అంది. ఆయన లేచాడు. దారిలో కూతురి పక్కనుంచే వెళ్లాడు, కానీ ఆమె వంక చూడలేకపోయాడు.

యజమానినీ ఆయన్నీ ఇద్దరినీ లోపల వేశారు. యజమాని కొద్దిరోజులకే బయటికి వచ్చాడు. ఆయన రాలేదు, బెయిలు అడగవద్దని వకీలుకు తానే చెప్పాడట. ఆమె చూడబోయింది. మధ్యలో ఇనుప జల్లెడ. ఆయన మెడ పీలికలా అయిపోయింది. అన్నం పెడితే తినడం లేదని కాపలా మనిషి ముందే చెప్పాడు. ముందు ఆయనే అడిగాడు.

"పిల్లలకు పాఠం చెప్తున్నావా?"

"చెప్తున్నా. దావీదు దగ్గరికి పోదామంటే వాళ్లు కదలట్లేదు. సౌలు చివరికి ఏమయ్యాడో చెప్పమంటున్నారు."

"ఏమయ్యాడేంటి. యుద్ధంలో పోయాడు. కొడుకులు కూడా పోయారు."

"ముందు రోజు సంగతి, నాన్నా. దేవుడు పలకట్లేదని, చచ్చినవాళ్లను పిలిచే మంత్రగత్తె దగ్గరికి వెళ్లాడు కదా. రేపు చస్తావని అక్కడ తెలిసింది. నేల మీద పడిపోయాడు. పగలూ రాత్రీ ఏమీ తినలేదు. ఆమె తినమంటే వద్దన్నాడు. ఆమె వదల్లేదు. ఇంట్లో ఉన్న ఒక్క దూడనూ కోసి, పిండి పిసికి రొట్టె కాల్చి పెట్టింది."

తండ్రి జల్లెడకు వేళ్లు ఆనించాడు. "అలాంటివాళ్లను దేశంలో లేకుండా చేయాలని ఉత్తరువిచ్చినవాడే కదా సౌలు."

"ఆయనే."

"తిన్నాడా?"

"లేచి మంచం మీద కూర్చుని తిన్నాడు."

ములాఖత్ అయిపోయిందని కాపలా మనిషి కర్రతో తలుపు తట్టాడు. "యుద్ధాలు తర్వాతైనా చెప్పొచ్చు," అన్నాడు తండ్రి లేస్తూ. "ముందు ఇది చెప్పు వాళ్లకి." రెండడుగులు వేసి ఆగాడు. "ఇవాళ పెడితే తింటాలే. మీ అమ్మకు చెప్పు."

ఆ ఆదివారం ఆమె అదే చెప్పింది. విశ్వాసం అంటే ఏమిటో తనకు ఇదివరకటి అంత బాగా తెలియదని కూడా చెప్పింది. మోషేకు చేతులు పట్టుకునేవాళ్లు కావాల్సి వచ్చిందని, రాజు తప్పు చేస్తే జనం కాదనాల్సి వచ్చిందని, దేవుడితో బేరం పెట్టినవాడి కంటే ఆకలితో ఉన్నవాడికి రొట్టె పెట్టిన ఆమె మేలేమో అని, తోచినంత చెప్పింది. తమ్ముడు కూర్చునే కిటికీ పక్క చోటు ఖాళీగానే ఉంది.

ఒక ఆడపిల్ల అడిగింది. "అక్కా, ఆ రోజు తినేటప్పుడు నీకు భయం వేయలేదా?"

"వేసింది. ఇంకా పోలేదు."

ప్రార్థన చేసే వేళ వచ్చింది. ఆమె కళ్లు మూసుకుంది, మాట రాలేదు. తమ్ముడు పోయినప్పటి నుంచీ రావడం లేదు. కళ్లు తెరిచి, "నువ్వు చెయ్యరా," అంది గునపంతో. వాడు లేచి నిలబడ్డాడు. వాడికీ సరిగా రాలేదు. వచ్చినంతే చేశాడు.